కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నేర్పే ఇంటి ఆటలు: ఏది ఎవరికి పనికొస్తుంది?

‘కోడింగ్ నేర్పుతుంది’ అని పెట్టె మీద అచ్చేసిన ఆటల్లో చాలావాటికి కంప్యూటర్ లోపలి సంగతితో సంబంధం లేదు. బాణం గుర్తుల కార్డులు వరసగా పేర్చి ఒక బొమ్మను గమ్యానికి చేర్చడం వరకే వాటి పని. చిన్నపిల్లలకు అది మంచి ఆటే. కానీ ‘ఇందులో లెక్కలు ఎవరు చేస్తున్నారు, ఎక్కడ గుర్తుపెట్టుకుంటుంది?’ అని అడిగే పిల్లకు ఆ పెట్టెలో జవాబు దొరకదు. అందుకే వయసు చూసి కొనేముందు ఆట ఏ అంతస్తు గురించి చెబుతోందో చూడాలి.

అంతస్తులు మూడు. పైన ఆదేశాల వరస: ముందే రాసిపెట్టిన పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగడం. అడుగున ఒకట్లూ సున్నాలూ: రెండే స్థితులున్న చిన్న భాగాలు కలిసి లెక్కపెట్టడం, గుర్తుంచుకోవడం. మధ్యలో మెమరీ (గుర్తుంచుకునే చోటు), ప్రాసెసర్ (ఆదేశాలు చదివి పని చేసే భాగం): ఆదేశాలూ అంకెలూ ఒకేచోట ఉండి, ఒక్కో గడి చదువుతూ పని సాగడం. బజారులో దొరికేవాటిలో ఎక్కువ పై అంతస్తువే. అడుగు అంతస్తుకు మంచి ఆట ఒకటుంది. మధ్య అంతస్తుకు మాత్రం చార్టు కాగితం, పెన్సిల్ పట్టుకుని ఇంట్లో తయారుచేసుకునేదే మేలు.

ఏ ఆటనైనా దుకాణంలోనే పరీక్షించడానికి ఒక ప్రశ్న చాలు: ఆటగాడు తన ఎత్తులన్నీ ముందే రాసిపెట్టి తర్వాత నడిపిస్తాడా, లేక ఒక్కో అడుగు చూసుకుంటూ తర్వాతిది నిర్ణయిస్తాడా? రెండోదైతే అది కంప్యూటర్ బొమ్మలు అంటించిన లూడోనే.

రోబో టర్టిల్స్: నాలుగు నుంచి ఏడేళ్ల వారికి

డాన్ షాపిరో 2013లో కిక్‌స్టార్టర్‌లో చందాలు సేకరించి తెచ్చిన ఆట ఇది. తర్వాత థింక్‌ఫన్ సంస్థ ప్రచురించింది. 8 అడ్డం, 8 నిలువు గడుల పలక, తాబేళ్లు, రత్నాలు, ముందుకు–ఎడమ–కుడి కార్డులు. ఇద్దరి నుంచి ఐదుగురు ఆడొచ్చు, అందులో ఒకరు పెద్దవారు. చదవడం రానవసరం లేదు కాబట్టి పిల్లలు తెలుగు మీడియమా ఇంగ్లిష్ మీడియమా అన్న బెంగ లేదు. నియమాలు పెద్దవాళ్లు చదువుకుని తెలుగులో చెబితే సరిపోతుంది.

ఇందులో తెలివైన ఏర్పాటు ఏమిటంటే పెద్దవారు పోటీలో ఉండరు, వారే కంప్యూటర్. పిల్లలు కార్డు వేస్తారు, పెద్దవారు తాబేలును అక్షరాలా కార్డులో ఉన్నట్టే కదుపుతారు. గోడ ఉన్నా సరే, ‘నువ్వు అనుకున్నది ఇది కదా’ అని సర్దకూడదు. చాలా ఇళ్లలో ఆట చెడేది ఇక్కడే. పిల్ల మొహం చూసి పెద్దవారు తాబేలును సరైన గడిలో పెట్టేస్తారు, దాంతో నేర్పాల్సిన ఒక్క విషయమూ పోతుంది. తప్పు దిద్దుకోవడానికి ఆటలోనే ‘బగ్’ ఉంది. దాన్ని వాడి పిల్ల తానే కార్డు వెనక్కి తీసుకోవాలి.

రెండో చిక్కు ‘ఎడమ’ కార్డు. అది తాబేలును ఉన్నచోటే తిప్పుతుంది, పక్క గడిలోకి జరపదు. పైగా తాబేలు మనవైపు తిరిగి ఉంటే దాని ఎడమ మన కుడి. నాలుగైదేళ్ల పిల్లలు దాదాపు అందరూ ఇక్కడ తడబడతారు. నేల మీద పలకలున్న గదిలో పిల్లనే నిలబెట్టి రెండు మూడు కార్డులు నడిపిస్తే తేలిగ్గా పట్టుబడుతుంది.

మొదటి రోజు మూడు రకాల కార్డులే బయటకు తీయండి. మంచుగోడలు, వాటిని కరిగించే లేజరు, తోయగల పెట్టెలు ఆ తర్వాత. ‘ఫంక్షన్ ఫ్రాగ్’ అనే కప్ప కార్డు అన్నిటికంటే చివర: పదేపదే వచ్చే కార్డుల వరసకు ఒక పేరు పెట్టి ఒకే కార్డుతో పిలవడం. ఈ కప్ప అర్థమైందంటే ఆట పని దాదాపు అయిపోయినట్టే. ఎనిమిదేళ్లు దాటిన పిల్ల కోసం దీన్ని కొత్తగా కొనకండి.

అదే అంతస్తులో పెద్ద పిల్లలకు

ఒంటరిగా కూర్చుని ఆడే పిల్లకు థింక్‌ఫన్ వారిదే కోడ్ మాస్టర్ నప్పుతుంది. 60 మెట్లు, ఒకే ఆటగాడు. పటం మీద రంగురంగుల దారులుంటాయి. ఇచ్చిన బిళ్లలన్నీ సరైన వరసలో పేర్చాలి. ‘ఇలా అయితే ఇటు, లేకపోతే అటు’ అనే షరతులూ, మళ్లీ వెనక్కి తిప్పే చక్రాలూ ఇందులో బాగా వస్తాయి. కుటుంబమంతా కూర్చునే ఆట మాత్రం కాదు. ఒకసారి పూర్తిచేసిన మెట్టును మళ్లీ ఆడటంలో రుచి ఉండదు కాబట్టి, తర్వాత తమ్ముడికో చెల్లికో ఇవ్వడమే.

నలుగురు కలిసి గోల చేయాలంటే రోబోర్యాలీ. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1994లో వచ్చింది. ప్రతి ఒక్కరూ తన రోబోను జెండాల దగ్గరికి నడిపించే ఐదు కార్డులు ఐదు ‘రిజిస్టర్ల’లో (వరసగా ఉన్న గడుల్లో) బోర్లా పెడతారు, తర్వాత అందరి మొదటి కార్డులు, అందరి రెండో కార్డులు, ఇలా వరసగా తెరుస్తారు. మధ్యలో ఎవరి రోబోనైనా ఇంకొకరిది తోస్తే మిగిలిన ఎత్తులన్నీ తప్పు చోటినుంచి నడుస్తాయి. ప్రోగ్రామ్‌కు పరిస్థితి మారిందని తెలియదు, రాసింది రాసినట్టే పోతుంది. ఆ ఒక్క అనుభవం కోసం ఈ ఆట విలువైనదే. కానీ రిజిస్టర్ అనే మాట విని ప్రాసెసర్ సంగతి తెలుస్తుందనుకోకండి.

పాత పెట్టె కొంటుంటే ఏ ముద్రణో అడగండి. మొదటి ముద్రణల్లో అందరికీ కలిపి 84 కార్డుల ఒకే కట్ట, ప్రతి కార్డు మీద ఎవరు ముందు కదలాలో చెప్పే సంఖ్య. 2016 ముద్రణలో ఎవరి కట్ట వారిదే, ఒక్కొక్కరికి 20 కార్డులు. రెంటి నియమాలూ కలిపితే ఆట సాగదు. ఆరుగురు కూర్చుంటే రెండు గంటలు దాటుతుంది. మొదటిసారి ఒకే పలక, రెండే జెండాలతో ఆడండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఐదు ఎత్తులు మనసులో ఊహించడం బరువు. ఇంటి నియమంగా మూడు రిజిస్టర్లకు తగ్గిస్తే తొమ్మిదేళ్ల పిల్లలూ ఆడగలరు.

ట్యూరింగ్ టంబుల్: డబ్బు పెట్టి కొనాలంటే ముందు ఇది

అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన పాల్ బాస్వెల్, అలిస్సా బాస్వెల్ దంపతులు 2017లో కిక్‌స్టార్టర్ ద్వారా తెచ్చారు. ఏటవాలు పలక, పైన ఒకవైపు నీలం గోళీలు, ఇంకోవైపు ఎర్ర గోళీలు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఒక గోళీ దిగి వచ్చి అడుగున ఉన్న మీటను నొక్కితే తర్వాతి గోళీ వదులుతుంది. ఎడమ మీట నొక్కితే నీలం, కుడి మీట నొక్కితే ఎరుపు. అంటే గోళీ ఏ దారిన దిగిందన్నదే తర్వాత ఏం జరగాలో నిర్ణయిస్తుంది.

భాగాలు ఆరు రకాలే. ర్యాంపు గోళీని ఒకే వైపు పంపుతుంది. క్రాసోవర్ రెండు దారులను ఒకదాన్నొకటి దాటిస్తుంది. ఇంటర్‌సెప్టర్ గోళీని పట్టేసి యంత్రాన్ని ఆపుతుంది. అసలైనది నీలం రంగు బిట్: గోళీ దాని మీదుగా వెళ్లినప్పుడల్లా అది అటునుంచి ఇటు తిరగబడి అలాగే ఉండిపోతుంది. తర్వాతి గోళీ ఆ కారణంగా వేరే దారి పడుతుంది. గేర్ బిట్, గేరు అనే మిగతా రెండింటితో ఒక బిట్ తిరిగితే దూరంగా ఉన్న ఇంకో బిట్ కూడా తిరిగేలా బిగించవచ్చు.

ఈ ఆటకు మార్కులన్నీ ఆ బిట్‌కే. ‘కంప్యూటర్ గుర్తుంచుకుంటుంది’ అనే మాట ఇక్కడ కంటికి కనిపిస్తుంది. మూడు బిట్లు ఒకదాని కింద ఒకటి అమరిస్తే మొదటిది ప్రతి గోళీకీ తిరుగుతుంది, రెండోది రెండు గోళీలకొకసారి, మూడోది నాలుగింటికొకసారి. అలా 0 నుంచి 7 వరకు లెక్కపెడుతుంది, ఎనిమిదో గోళీకి మళ్లీ మొదటికొస్తుంది. బైనరీ లెక్కింపు (ఒకట్లూ సున్నాలతోనే లెక్కపెట్టడం) గురించి బడిలో వారం రోజులు చెప్పినా రానిది ఎనిమిది గోళీల్లో వస్తుంది.

కూడా వచ్చే పుస్తకం బొమ్మల కథ రూపంలో ఉంటుంది, అందులో 60 చిక్కుముళ్లు. కథ ఇంగ్లిష్‌లో ఉంటుంది. కానీ చిక్కుముడిని బొమ్మే చూపిస్తుంది: మొదట ఏ భాగాలు ఎక్కడ ఉండాలి, చేతికి ఇంకా ఏవి ఇచ్చారు, అడుగున గోళీలు ఏ రంగుల వరసలో రావాలి. ఇంగ్లిష్ చదవలేని పిల్లకు ఏం సాధించాలో ఒక్క వాక్యంలో చెబితే చాలు, ఆట ఆగదు.

తప్పు ఎక్కడ వస్తుందంటే:

పలక సమంగా లేకపోతే గోళీలు భాగాల మీద పడకుండా పక్కకు జారతాయి. పరుపు మీద, వాలుగా ఉన్న నేల మీద పెట్టవద్దు. చదునైన బల్ల కావాలి.

ఆట మొదలుపెట్టే ముందు బిట్లన్నీ బొమ్మలో చూపిన వైపు తిప్పి ఉండాలి. ఇది మరిచిపోయి ‘నా అమరిక తప్పు’ అని మొత్తం పీకేసే పిల్లలు ఎక్కువ. రెండోసారి నడిపేముందు బిట్లు చూడటం అలవాటు చేయించండి.

గోళీ దారిలో ఒక్క ర్యాంపు లేకపోయినా అది మీటను చేరకుండా ఎక్కడో పడిపోతుంది, యంత్రం ఆగుతుంది. ఆగినచోటు నుంచి వెనక్కి వెతకడం నేర్పితే చాలు, పెద్దవారి సాయం అక్కర్లేదు.

మొదటి పది పన్నెండు చిక్కుముళ్లు ఎనిమిదేళ్ల పిల్లలు సొంతంగా చేస్తారు. గేర్ బిట్లు వచ్చాక పెద్దలూ తల గోక్కుంటారు, చివరివి ఇంజినీర్లకు కూడా సాయంత్రాలు తినేస్తాయి. ఇద్దరి కంటే ఎక్కువమంది పలక చుట్టూ చేరితే చేతులు తగిలి బిట్లు తిరిగిపోతాయి, కాబట్టి దీన్ని ‘కుటుంబ ఆట’ అనడం కొంచెం సాగదీయడమే. గోళీలు చిన్నవి. మూడేళ్ల లోపు పాప ఇంట్లో ఉంటే ఆట తర్వాత లెక్కపెట్టి మూత పెట్టాలి.

ఇండియాకు తెప్పిస్తే ధరకు తోడు రవాణా, సుంకం అదనం. అమెరికాలో ఉన్న బంధువులు వచ్చేటప్పుడు తెమ్మనడం మన ఇళ్లలో ఎలాగూ జరిగేదే. కొనేముందు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే దీని సిమ్యులేటర్‌లో (తెర మీద ఆడే నకలులో) నాలుగైదు చిక్కుముళ్లు ఆడించండి. పిల్ల ఇంకొకటి కావాలంటే కొనండి.

పేరు చూసి మోసపోవద్దు

2022లో వచ్చిన ట్యూరింగ్ మెషీన్ అనే ఆటను చాలామంది పై ఆటతో కలిపేస్తున్నారు. ఇది వేరు. ఒక్కరి నుంచి నలుగురు ఆడే తర్కపు ఆట: 1 నుంచి 5 వరకున్న అంకెలతో చేసిన మూడంకెల రహస్య సంఖ్యను కనిపెట్టాలి, అంటే 125లో ఒకటి. మీ ఊహను చిల్లులున్న కార్డులతో పేర్చి, సరిచూసే కార్డు మీద పెడితే ఒకే చిల్లులోంచి అవునో కాదో కనిపిస్తుంది. పాతకాలపు పంచ్ కార్డుల (చిల్లులతో సమాచారం దాచే కార్డుల) సూత్రాన్ని ఇంత అందంగా వాడిన ఆట మరొకటి లేదు. కానీ నేర్పేది ఆలోచించే పద్ధతిని, యంత్రాన్ని కాదు. పద్నాలుగేళ్లు పైబడినవారికి, పజిళ్ల పిచ్చి ఉన్న పెద్దలకు ఇవ్వండి.

ఖర్చు లేనిది, అన్నిటికంటే లోతైనది: కార్డియాక్

1968 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డేవిడ్ హాగెల్‌బార్గర్, సాల్ ఫింగర్‌మన్ హైస్కూలు పిల్లల కోసం అట్టతో ఒక కంప్యూటర్ చేశారు. దాని పేరే కార్డియాక్. 00 నుంచి 99 వరకు వంద గడుల మెమరీ, పది రకాల ఆదేశాలు, ఒక అక్యుములేటరు (లెక్క జరిగే చోటు). ఇప్పుడు ఏ గడి చదువుతున్నామో చూపడానికి ఒక చిన్న పురుగు బొమ్మ. లెక్కలన్నీ మనిషే చేస్తాడు, యంత్రం చేసేది ఏమీ లేదు. అందుకే అంతా అర్థమవుతుంది.

దీన్ని ఇంట్లో చేసుకోవడానికి గంట పడుతుంది. చార్టు మీద పదికి పది గడులు గీయండి, ఒక్కో గడి కనీసం 3 సెంటీమీటర్లు, మూడంకెలు రాసి చెరపడానికి చోటుండాలి. పై ఎడమ గడి 00, వరసగా కింది కుడి గడి 99. వైకుంఠపాళీ పటంలా ఉంటుంది, నడక కూడా అలాంటిదే: మామూలుగా పక్క గడికి, దూకుడు ఆదేశం వస్తే నిచ్చెనో పామో ఎక్కినట్టు చెప్పిన గడికి. పాచిక మాత్రం ఉండదు. పురుగుకు బదులు ఒక చింతగింజ, అక్యుములేటరుకు పిల్లల పలక, ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు చిన్న చీటీల రెండు కట్టలు.

ప్రతి ఆదేశం మూడంకెలు. మొదటి అంకె పని, మిగతా రెండు ఏ గడితో అన్నది:

0 – చీటీ తీసి ఆ గడిలో రాయి
1 – పలక తుడిచి ఆ గడిలోది రాయి
2 – ఆ గడిలోది పలక మీదికి కూడు
3 – పలక మీది సంఖ్య సున్నా కంటే తక్కువైతేనే ఆ గడికి దూకు
4 – పలక మీది అంకెలను ఎడమకో కుడికో జరుపు (మొదట్లో వదిలేయండి)
5 – ఆ గడిలోది చీటీ మీద రాసి బయటపెట్టు
6 – పలక మీదిది ఆ గడిలో రాయి
7 – ఆ గడిలోది పలక మీదినుంచి తీసివెయ్
8 – ఆ గడికి దూకు
9 – ఆపు

00 గడిలో 001 ఇంకుతో రాసేయండి, అది ఎప్పటికీ మారదు. మిగతావన్నీ పెన్సిల్‌తోనే. ఇక రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రామ్ 17వ గడి నుంచి 23 దాకా ఇలా రాయండి: 034, 035, 134, 235, 636, 536, 900. గింజ 17లో పెట్టండి. చీటీల మీద 005, 007 ఉంటే చివరికి 012 బయటికి రావాలి.

నలుగురుంటే పనులు పంచండి: ఒకరు గింజ కదిపి ఆదేశం చదువుతారు, ఒకరి దగ్గర పలక, ఒకరు మెమరీ గడులు రాసి చెరుపుతారు, ఒకరు చీటీలు చూస్తారు. ఎవరూ ఇంకొకరి పనిలో వేలుపెట్టకూడదు, ఆదేశం రాకుండా కదలకూడదు.

క్రమం ఇది: గింజ ఉన్న గడి చదవాలి, గింజను ఒక గడి ముందుకు జరపాలి, ఆ తర్వాతే పని చేయాలి. పని చేశాక జరిపితే దూకుడు ఆదేశం వచ్చినప్పుడు ఒక గడి ఎక్కువ పోతుంది. మొదటిసారి ఆడేవారి ప్రోగ్రాములు చెడేది ఎక్కువగా దీనివల్లే. ఆ తర్వాతి తప్పు గడి నంబరుకూ గడిలో ఉన్న సంఖ్యకూ తేడా మరవడం: ‘235’ అంటే 35 కూడటం కాదు, 35వ గడిలో ఏముంటే అది కూడటం. గడి నంబరు మూలన చిన్నగా రంగు పెన్నుతో రాస్తే ఈ గందరగోళం సగం తగ్గుతుంది.

కూడిక వచ్చాక అదే ప్రోగ్రామ్‌లో 21వ గడిని 620 అనీ, 22వ గడిని 520 అనీ మార్చి నడపండి. మొదటిసారి జవాబు 012 సరిగ్గానే వస్తుంది. చెరపకుండా అవే చీటీలతో మళ్లీ 17 నుంచి నడపండి. ఈసారి యంత్రం మూడో చీటీ అడుగుతుంది, జవాబు 005 అంటుంది! ఎందుకంటే మొదటి దఫాలో వచ్చిన 012 వెళ్లి 20వ గడిలోని కూడిక ఆదేశాన్ని చెరిపేసింది. ఇప్పుడు ఆ గడి ‘చీటీ తీసి 12లో రాయి’ అనే ఆదేశం. మెమరీకి సంఖ్య ఏదో ఆదేశం ఏదో తెలియదు, గింజ వచ్చి ఆగితే అది ఆదేశం, అంతే. డబ్బిచ్చి కొనే పెట్టెల్లో దీన్ని ఇలా చూపించేది మాకు కనబడలేదు.

దూకుడు కోసం వెనక్కి లెక్కపెట్టే ప్రోగ్రామ్ 20 నుంచి 27 వరకు: 034, 534, 134, 700, 634, 327, 821, 900. 003 చీటీ ఇస్తే 3, 2, 1, 0 వరసగా వచ్చి ఆగుతుంది. 700 అంటే 00వ గడిలోని ఒకటిని తీసివేయడం, ఆ గడిని ఇంకుతో రాసింది ఇందుకే.

దీనికి పదేళ్లు నిండాలి, మూడంకెల కూడికలు తడుముకోకుండా రావాలి. కొత్తలో ఒక్క కూడికకే పది నిమిషాలు పడుతుంది, విసుగు పుట్టే పిల్లలూ ఉంటారు. వారిని బలవంతపెట్టకుండా పేకముక్కల దగ్గరికి తీసుకెళ్లండి.

పేకముక్కలతో పావుగంట

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో పెరిగిన ‘సీఎస్ అన్‌ప్లగ్డ్’ పాఠాలు ఉచితం. అందులో ఒకటి ఏ వయసువారికైనా నచ్చుతుంది. పిల్లను 25 ముక్కలు ఐదుకు ఐదుగా, కొన్ని తెరిచి కొన్ని బోర్లా, తోచినట్టు పేర్చమనండి. ‘ఇంకా కష్టం చేస్తాను’ అంటూ మీరు ఆరో నిలువు వరస, ఆరో అడ్డ వరస కలపండి. ప్రతి వరసలోనూ తెరిచిన ముక్కలు సరిసంఖ్యలో ఉండేలా చూసుకోవాలి. మొత్తం 36 ముక్కలు. మీరు అటు తిరిగినప్పుడు పిల్ల ఒక ముక్క తిప్పాలి. బేసి అయిన అడ్డ వరసా, బేసి అయిన నిలువు వరసా కలిసేచోట ఆ ముక్క ఉంటుంది.

రెండు ముక్కలు తిప్పితే? ఏదో మారిందని తెలుస్తుంది గానీ ఎక్కడో కచ్చితంగా చెప్పలేరు. పిల్ల ఆ సంగతి తానే కనిపెడితే, డేటా పంపేటప్పుడు తప్పులు పట్టే పద్ధతి బలమూ హద్దూ రెండూ తెలిసినట్టే. అదనపు వరసలు వేసేటప్పుడు లెక్క తప్పడం ఒక్కటే ఇందులో జరిగే పొరపాటు. నెమ్మదిగా వేయండి.

ఇంతకీ మీ ఇంటికి ఏది?

ఆరేళ్ల పాప ఉంటే రోబో టర్టిల్స్, అదీ దొరక్కపోతే గళ్ల చార్టు, బాణం చీటీలు, ఒక బొమ్మ చాలు. మీరు కంప్యూటర్‌గా నిజాయితీగా ఉంటే తేడా ఏమీ రాదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య, చేతులతో బిగించే అలవాటున్న పిల్లకు ట్యూరింగ్ టంబుల్. లెక్కలిష్టమైన పదేళ్ల పైబడినవారికి ముందు కార్డియాక్, ఖర్చు లేదు కాబట్టి నచ్చకపోయినా పోయేదేమీ లేదు. వేర్వేరు వయసుల నలుగురైదుగురు పండగ సెలవుల్లో కలిస్తే పేకముక్కలతో మొదలుపెట్టి, పెద్ద పిల్లలకు రోబోర్యాలీ. రెండు కొనే స్తోమత ఉంటే ఒకే అంతస్తువి రెండు కొనకండి. రోబో టర్టిల్స్ ఆడేసిన పిల్లకు కోడ్ మాస్టర్ కంటే బిట్ తిరగడం చూపించడం మంచిది.

పాత సరుకు కొనేటప్పుడు ట్యూరింగ్ టంబుల్‌లో గేర్లు, ఇంటర్‌సెప్టర్లు ముందు లెక్కపెట్టండి. అవి పెట్టెలో తక్కువగా ఉంటాయి, ఒక్కటి పోయినా చివరి చిక్కుముళ్లు కొన్ని ఆగిపోతాయి. ర్యాంపు ఒకటి రెండు తగ్గినా చాలావరకు నెట్టుకురావచ్చు. కోడ్ మాస్టర్‌లో బిళ్లలు, రోబోర్యాలీలో కార్డుల కట్ట పూర్తిగా ఉండాలి. పుస్తకం పోయినా పరవాలేదు అనిపించేది రోబో టర్టిల్స్ ఒక్కటే.